నిద్రించినది వ్యాసమా, పాఠకలోకమా? – నాడీకణోత్పత్తి పరిశోధనలో ఉల్లేఖనాల లెక్కపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఎదిగిన క్షీరదాల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయని జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ 1960లలో ప్రకటించిన వ్యాసాలకు దాదాపు మూడు దశాబ్దాల పాటు తగిన ఆదరణ లభించలేదు. నేడు వాటికి వేలల్లో ఉల్లేఖనాలున్నాయి. ఈ రెండు స్థితుల మధ్య ఆ వ్యాసాల్లో ఒక్క అక్షరమూ మారలేదు. ఉల్లేఖనసంఖ్యను పరిశోధన విలువకు కొలమానంగా స్వీకరించే పద్ధతిని ఈ ఉదంతం ఆధారంగా పరిశీలించడం, ఉల్లేఖనాన్ని లెక్కించే ముందు చదవాలన్న వాదాన్ని తెలుగు పరిశోధనకు అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నాడీకణోత్పత్తి, ఉల్లేఖనం, ఆల్ట్‌మన్ – దాస్, యల్లాప్రగడ సుబ్బారావు, సంకలన గ్రంథాలు, పరిశోధన మూల్యాంకనం.

1. ప్రస్తావన

తెల్లాపూర్‌కు సమీపంలో, నల్లగండ్ల పక్కన విస్తరించి ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తెలుగు శాఖా ఉంది, జీవశాస్త్రాల విభాగమూ ఉంది. ఒకచోట తాళపత్రాల పాఠాంతరాలు, మరోచోట ఎలుక మెదడులోని కణాలు పరిశోధన విషయాలు. ఈ రెండింటినీ కొలిచే బద్ద మాత్రం క్రమంగా ఒకటే అయింది. జాతీయ స్థాయి ర్యాంకుల్లో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే దత్తాంశ నిధుల్లోని ప్రచురణలనూ, వాటికి వచ్చిన ఉల్లేఖనాలనూ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఒక పరిశోధకుడు తన రచనలో మరొకరి రచనను ఆధారంగా పేర్కొనడాన్ని ఇక్కడ ఉల్లేఖనం అంటున్నాను. వాడుకలో ఇదే సైటేషన్.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల్లోని పరిశోధన పట్టిక ప్రకారం విజ్ఞానశాస్త్ర వ్యాసానికి 8, భాషాసాహిత్య వ్యాసానికి 10 పాయింట్లు. పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే అదనంగా 5. అది 10కి మించితే అదనంగా 30. తెలుగు పత్రిక దేనికీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు కనుక తెలుగు వ్యాసం 15 దగ్గర ఆగిపోతుంది. పది ఏకకర్తృక వ్యాసాలకు 150 వస్తాయి. ప్రొఫెసర్ పదవికి కావలసింది 120. కాబట్టి పట్టిక తెలుగు అధ్యాపకుని దారికి అడ్డంగా నిలిచిందని వాపోవడం సరికాదు. ఆలోచించవలసినది వేరే ఉంది. ఎక్కువగా ఉల్లేఖితమైనదే ఎక్కువ విలువైనదన్న అభిప్రాయం ఆ పట్టికకు పునాది. ఆ అభిప్రాయం తన సొంత గడ్డమీద, అంటే విజ్ఞానశాస్త్రంలోనే, ఎంతవరకు నిలుస్తుంది? అక్కడే నిలవనప్పుడు దాన్ని సాహిత్య పరిశోధనకు అరువు తెచ్చుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు నాడీకణోత్పత్తి చరిత్రకన్నా తగిన పరీక్షాస్థలం నాకు కనిపించలేదు.

2. ప్రశ్న నుంచి ఆధారానికి

పుట్టిన తరువాత మెదడులో కొత్త నాడీకణాలు ఏర్పడవన్నది ఇరవయ్యో శతాబ్దిలో చాలాకాలం సిద్ధాంతం స్థాయిని దాటి విశ్వాసంగా నిలిచింది. స్పానిష్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ ప్రతిష్ఠ ఆ విశ్వాసానికి అండ. చర్మం, రక్తం, కాలేయం తమ కణాలను మార్చుకుంటాయి. మెదడు మాత్రం పుట్టినప్పటి మూలధనంతోనే బతుకు వెళ్ళదీస్తుందని అనుకున్నారు. ఇది తర్వాతి కాలపు పరిశోధనలకూ ప్రాతిపదిక అయింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు వృద్ధాప్యపు మెదడులో డి.ఎన్.ఏ. మరమ్మతు మీద దీర్ఘకాలం కృషి చేశారు. లారెన్స్ లోయెబ్‌తో కలిసి 1992లో ఆ విషయంపై సమీక్షావ్యాసం వెలువరించారు. విభజన చెందని నాడీకణం జీవితాంతం నిలవాలంటే తన జన్యుపదార్థాన్ని తానే బాగుచేసుకోవాలి కనుక ఆ ప్రశ్నకు అంత ప్రాధాన్యం. మెదడులో అత్యధిక భాగానికి ఆ ప్రాతిపదిక నేటికీ చెల్లుతుంది. ఆల్ట్‌మన్ చూపినది కొన్ని చిన్న ప్రదేశాలకు చెందిన మినహాయింపు.

బుడాపెస్ట్‌లో 1925లో పుట్టిన ఆల్ట్‌మన్ 1960లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేశారు. ఆయన వాడిన పద్ధతి ఆటోరేడియోగ్రఫీ. విభజనకు సిద్ధమయ్యే కణం కొత్త డి.ఎన్.ఏ. నిర్మాణానికి థైమిడిన్ అనే పదార్థాన్ని తీసుకుంటుంది. ఆ థైమిడిన్‌కు రేడియోధార్మికమైన ట్రిటియంను జోడించి జంతువుకు ఎక్కిస్తారు. కొంతకాలం తరువాత మెదడును పలుచని పొరలుగా కోసి, ఛాయాచిత్రాలకు వాడే రసాయనపు పూత పూసి చీకట్లో ఉంచుతారు. సూదిమందు ఇచ్చిన నాటికి విభజనకు సిద్ధమైన కణాల కేంద్రకాలపై వెండి రేణువులు నల్లని చుక్కలుగా తేలుతాయి. ఒక్క మాటలో, అది కణానికి పుట్టినతేదీ వేసే విద్య.

1962లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాస శీర్షిక ఒక ప్రశ్న: వయోజన క్షీరదాల మెదడులో కొత్త నాడీకణాలు ఏర్పడతాయా? భారతీయుడైన గోపాల్ దాస్‌తో కలిసి 1965లో జర్నల్ ఆఫ్ కంపారెటివ్ న్యూరాలజీలో ప్రచురించిన వ్యాస శీర్షికలో ప్రశ్న లేదు. ఎలుకల హిప్పోకాంపస్‌లో జననానంతర నాడీకణోత్పత్తికి ఆధారాలు అన్న ప్రకటన ఉంది. 1967లో నేచర్‌లో గినీపంది గురించి రాసిన వ్యాసంలో ఆధారం అన్న మాటకూడా పోయి, నాడీకణోత్పత్తి నేరుగా శీర్షిక అయింది. మూడు శీర్షికలను వరసగా పెట్టి చదివితే ఒక పరిశోధకుని నిశ్చయం ఎలా గట్టిపడిందో తెలుస్తుంది. శీర్షికలను ఇలా చదవడం సాహిత్య విద్యార్థికి కొత్త కాదు. ఉల్లేఖనాల దత్తాంశ నిధికి మాత్రం మూడూ మూడు అంకెలే.

3. మౌనానికి కారణాలు

ఆ వ్యాసాలు అనామక పత్రికల్లో రాలేదన్నది మొదట గమనించాలి. సైన్స్, నేచర్ ఆనాడూ అగ్రశ్రేణి పత్రికలే. అయినా రంగం కదలలేదు. మంచి పత్రికలో వచ్చిందంటే అందరూ చదివినట్టేనన్న భరోసా ఇక్కడ వీగిపోతుంది.

ఈ కథను సాధారణంగా గెలీలియో కథలా చెబుతారు: సత్యం పలికిన ఒంటరి, చెవిటి లోకం. ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త ఛార్లెస్ గ్రాస్ 2000లో రాసిన ప్రసిద్ధ సమీక్ష శీర్షికలోనే ఒక మూఢవిశ్వాసపు మరణాన్ని ప్రకటించారు. ఆ కథనంలో సత్యం ఉంది కాని మొత్తం సత్యం లేదు. ఆల్ట్‌మన్ పద్ధతికి నిజమైన పరిమితి ఉంది. వెండి రేణువు కణం ఎప్పుడు పుట్టిందో చెబుతుంది. అది ఏ జాతి కణమో చెప్పదు. హిప్పోకాంపస్‌లోని చిన్న రేణుకణాలనూ, మెదడులో ఆలంబనగా ఉండే గ్లియా కణాలనూ మామూలు సూక్ష్మదర్శినిలో నిస్సందేహంగా వేరుచేయడం కష్టం. గ్లియా కణాలు పెద్దయ్యాకా విభజన చెందుతాయని అందరికీ తెలుసు. కాబట్టి మీరు చూసినవి గ్లియా కావని నమ్మకమేమిటి అని అడగడం అసూయ కాదు, న్యాయమైన సందేహం.

అయితే సందేహించడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. సందేహించినవాడు ఎదుటివాని వ్యాసాన్ని పేర్కొని ఖండిస్తాడు, పరీక్షను మళ్ళీ చేస్తాడు, సరిచేస్తాడు. మన సాహిత్య చరిత్రలో నన్నెచోడుని కాలం గురించి నడిచిన వాదోపవాదాలు చూడండి. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవం ప్రకటించి, కవిని నన్నయకన్నా ముందువాడన్నప్పుడు పండితులు ఊరుకోలేదు. చాలామంది ఒప్పుకోలేదు, కాని ఒప్పుకోనివారంతా మానవల్లి పేరెత్తే ఒప్పుకోలేదు. ఆ ఖండనలే ఆ కావ్యాన్ని అధ్యయన కేంద్రంలో నిలబెట్టాయి. ఆల్ట్‌మన్‌కు దక్కనిది ఆ గౌరవం.

సందేహాన్ని తీర్చే ప్రయత్నం చేసినది మైకేల్ కప్లాన్. 1977లో హిండ్స్‌తో కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, గుర్తుపడిన కణాలకు నాడీకణ లక్షణాలున్నాయని సైన్స్‌లో చూపారు. అడిగిన ఆధారం వచ్చింది, ఆదరణ రాలేదు. 1985లో అదే పత్రికలో పాస్కో రాకిచ్ కోతులపై జరిపిన పరిశీలనతో ప్రైమేట్లలో నాడీకణోత్పత్తికి హద్దులున్నాయని తేల్చారు. ఆయన ప్రతిష్ఠ ముందు ఎలుక మెదడు సాక్ష్యం చిన్నబోయింది. 1983లో ఫెర్నాండో నాటెబామ్ బృందం ఎదిగిన కనేరీ పక్షుల మెదడులో కొత్త నాడీకణాలను చూపినా, అది పాటపాడే పక్షుల ప్రత్యేకతగానే చాలామందికి తోచింది. కప్లాన్ పరిశోధన వదిలి వైద్యవృత్తిలోకి వెళ్ళారు. 2001లో ఆయన రాసిన వ్యాస శీర్షికలో మూఢవిశ్వాసపు మరణంతో పాటు ఒక పరిశోధన జీవితపు మరణం కూడా చోటుచేసుకుంది. ఉల్లేఖనాల పట్టికలో అలాంటి మరణానికి గడి ఉండదు.

4. మేల్కొన్నదెవరు?

1990లలో పరిస్థితి మారింది. నాడీకణాన్ని గ్లియా నుంచి వేరుచేసే ప్రతిరక్షక రంజకాలు, రేడియోధార్మికత అవసరం లేని బి.ఆర్.డి.యు. అనే గుర్తు అందుబాటులోకి వచ్చాయి. 1998లో ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ తదితరులు నేచర్ మెడిసిన్‌లో మానవ మెదడు గురించి రాశారు. క్యాన్సర్ పరీక్షలో భాగంగా ఆ పదార్థం ఎక్కించుకున్న ఐదుగురు రోగుల మెదళ్ళను వారి మరణానంతరం పరిశీలించి, హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలను గుర్తించారు. అక్కడినుంచి ఆల్ట్‌మన్–దాస్ వ్యాసాల ఉల్లేఖనాలు వెల్లువెత్తాయి.

ఇలాంటి వ్యాసాలను ఉల్లేఖన గణితజ్ఞుడు వాన్ రాన్ 2004లో నిద్రించే సుందరులతో పోల్చారు. పాశ్చాత్య జానపద కథలోని ఆ రాకుమారికి మన స్త్రీల పాటల్లో సాటి రాగలది ఊర్మిళ. కాని ఊర్మిళ నిద్రపోతుంది, లోకం మేలుకొని ఉంటుంది. ఇక్కడ జరిగినది అందుకు విరుద్ధం. గ్రంథాలయపు అరలో 1965 సంపుటం మేలుకొనే ఉంది, నిద్రించినది పాఠకలోకం. ఈ ఉపమానం చమత్కారంగా ఉన్నా బాధ్యతను చదవనివారి మీదనుంచి చదవబడని రచన మీదికి జరుపుతోంది. అందుకే దాన్ని నేను అంగీకరించలేను.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క కట్టే విధానాన్ని ఈ ఉదంతం పక్కన పెట్టి చూడాలి. ఒక పత్రిక గడచిన రెండేళ్ళలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనాలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 1965 వ్యాసం ఆ గవాక్షంలోంచి కనిపించేది 1966, 1967 సంవత్సరాల్లో మాత్రమే. ముప్పై ఏళ్ళ తరువాత వచ్చిన వేల ఉల్లేఖనాల్లో ఒక్కటీ ఆ లెక్కకు ఎక్కదు. యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తొలిగా వెలువడినది 1964లో. 1962 వ్యాసమూ అదీ దాదాపు ఒకే ఈడువి. పక్కపక్కనే పెరిగినా ఒకదాన్ని మరొకటి గుర్తుపట్టలేదు.

మేల్కొన్న తరువాతి ఉల్లేఖనాలనైనా నమ్మవచ్చునా? 2011లో ఆల్ట్‌మన్‌కు ఆర్తురో అల్వారెజ్-బూయా, జాకొమో రిజోలాటీలతో కలిపి స్పెయిన్‌లోని ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారం లభించింది. 2013లో యోనాస్ ఫ్రీసెన్ బృందం మరో తెలివైన దారి పట్టింది. అణుపరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా కణాల వయసు లెక్కించి, మానవ హిప్పోకాంపస్‌లో ఒక్కొక్క పక్కన రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని అంచనా వేసింది. 2018లో సారెల్స్ తదితరులు నేచర్‌లో అందుకు విరుద్ధమైన ఫలితం ప్రకటించారు: మానవుల్లో ఈ ఉత్పత్తి బాల్యంలోనే తీవ్రంగా తగ్గుతుంది, పెద్దవారి నమూనాల్లో కొత్త నాడీకణాలు కనిపించలేదు. ఆ పరిశోధన జరిగినది పురస్కారాన్ని పంచుకున్న అల్వారెజ్-బూయా ప్రయోగశాలలోనే. కొద్దివారాల్లోనే బోల్డ్రీని తదితరులు వృద్ధాప్యంలోనూ ఉత్పత్తి సాగుతోందని రాశారు. 2025లో ఫ్రీసెన్ బృందం సైన్స్‌లో మళ్ళీ అనుకూలమైన ఆధారాలు చూపింది. ఎలుకల విషయంలో వివాదం ముగిసినా మానవుల విషయంలో ఇంకా ముగియలేదు.

ఈ వివాదంలో ఉభయపక్షాలవారూ చరిత్రను ప్రస్తావించవలసినచోట ఆల్ట్‌మన్–దాస్‌లనే స్మరిస్తున్నారు. కావ్యాదిలో ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి చేసినట్టు. నన్నయ, తిక్కనలను స్తుతించిన ప్రతి కవీ భారతాన్ని ఆమూలాగ్రం పరిశీలించి స్తుతించాడని ఎవరూ అనరు. మర్యాదకోసం చేసిన ఉల్లేఖనం, పద్ధతిని వాడుకున్నందుకు చేసిన ఉల్లేఖనం, ఖండించడానికి చేసిన ఉల్లేఖనం – మూడింటికీ దత్తాంశ నిధిలో తూకం ఒక్కటే. 1970లలో లెక్క తక్కువ చూపి తప్పుదోవ పట్టించింది. ఇప్పుడు లెక్క ఎక్కువ చూపి, వివాదాస్పదమైన విషయం స్థిరపడినదన్న భ్రమ కలిగిస్తోంది.

గోపాల్ దాస్ గురించి ఒక మాట. ఆల్ట్‌మన్ 1968లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి మారారు. దాస్ కూడా అక్కడ పనిచేశారు. నాడీకణాల పూర్వరూపాలను ఎలుక పిల్లల మెదడులో నాటిన ప్రయోగాన్ని ఇద్దరూ 1971లో సైన్స్‌లో ప్రచురించారు. మెదడు కణజాలపు మార్పిడిలో అది తొలి అడుగులలో ఒకటి. అయినా లోకం చెప్పే కథ ఏకనాయకం. మన 2018 పట్టిక ప్రకారమైతే ఇద్దరు కర్తల వ్యాసానికి చెరొక 70 శాతం దక్కేది. కీర్తి పంపకంలో ఆ పట్టికే లోకంకన్నా ధర్మంగా ఉందని ఒప్పుకోవాలి.

5. సుబ్బారావు ఉదంతం – ఎదురుకోణం

ఉల్లేఖనాల లెక్క తెలుగువారికి సంబంధం లేనిదేమీ కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖితమైన వ్యాసాల్లో అదొకటి. కాని సుబ్బారావు గొప్పతనం ఆ ఒక్క పద్ధతిలోనే ఉందా? ఆ పద్ధతితోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి, కండరం శక్తిని ఎలా పొందుతుందన్న అవగాహననే మార్చారు. ఎ.టి.పి.ని వేరుచేశారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం, దాని వ్యతిరేకులైన ఔషధాలు రూపొందాయి. వీటన్నిటికన్నా కొలిచే పద్ధతికే ఉల్లేఖనాలు ఎక్కువ. కారణం సులభం: ప్రయోగశాలలో ఫాస్ఫరస్ కొలిచిన ప్రతివారూ ఆ పేరు రాయవలసిందే. శాస్త్రరంగం మొత్తంలో అత్యధిక ఉల్లేఖనాలున్న వ్యాసం కూడా అలాంటిదే. 1951లో లౌరీ బృందం రాసిన, ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి. 2014 నాటికే దానికి మూడు లక్షల పైచిలుకు ఉల్లేఖనాలు.

ఇన్ని ఉల్లేఖనాలకు కర్త అయిన సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. ఆల్ట్‌మన్ ఉదంతంలో విలువ ఉండి లెక్క లేదు. ఇక్కడ లెక్కా ఉంది, విలువా ఉంది; కాని లెక్క చూపే విలువ వేరు, ఉన్న విలువ వేరు.

6. మన ఉల్లేఖన సంప్రదాయం

ఉల్లేఖనం పాశ్చాత్యుల నుంచి వచ్చిన ఆచారమన్నట్టు మన పరిశోధన పద్ధతుల పాఠ్యగ్రంథాలు కొన్ని బోధిస్తాయి. లక్షణకర్తలు ప్రయోగ నిరూపణకు పద్యాలెత్తి చూపినది ఉల్లేఖనం కాక ఏమిటి? అప్పకవీయం పొడవునా కవుల ప్రయోగాలు సాక్ష్యాలుగా నిలబడతాయి. అంతకన్నా విశేషమైనవి సంకలన గ్రంథాలు. మడికి సింగన సకలనీతిసమ్మతంలో ముద్రామాత్యం వంటి గ్రంథాల నుంచి పద్యాలు చేర్చాడు. మూలం మనకు దక్కలేదు, ఉల్లేఖించిన పద్యాలే దక్కాయి. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరం కూడా అలాంటిదే. వేటూరి ప్రభాకరశాస్త్రి అందులోని అలభ్య కావ్యాల పద్యాలను ఎంచి 1918లో ప్రబంధరత్నావళిగా ప్రచురించినప్పుడు, పేర్లు సైతం మరుగుపడిన కవులు సాహిత్య చరిత్రలోకి తిరిగివచ్చారు.

ఇక్కడ ఉల్లేఖనం లెక్క కాదు, రక్షణ. జగ్గన ఒక కవిని ఒక్కసారి పేర్కొన్నాడు, ఆ ఒక్కటే ఆ కవికి మిగిలిన ఆయువు. ఆధునిక దత్తాంశ నిధిలో ఒకే ఒక్క ఉల్లేఖనమున్న వ్యాసాన్ని విఫలమైనదిగా జమకడతారు. ఎవరు, ఏది, ఎందుకు పేర్కొన్నారన్న ప్రశ్న వదిలేసి ఎన్నిసార్లు అన్నది మాత్రమే పట్టుకుంటే వచ్చే తేడా ఇది.

అంతమాత్రాన సంఖ్య మీద వైరం పెట్టుకోనక్కరలేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి జవాబు సంఖ్యలోనే ఉంది. 1934 నాటి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు. కాని ఆ సంఖ్య వెనుక ప్రతి కవి పేరూ, పద్యమూ ఉన్నాయి. విప్పి చదువుకోగల సంఖ్య అది. ఉల్లేఖనాల సంఖ్య కూడా విప్పి చదవడానికి వీలైనదైతే విమర్శకునికి అభ్యంతరం ఉండదు.

7. తెలుగు పరిశోధనకు అన్వయం

నిధుల సంఘం 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితాను విరమించింది. పత్రిక నాణ్యతను నిర్ణయించే బాధ్యత తిరిగి విద్యాసంస్థల మీద పడింది. ఈ ఖాళీలోకి విదేశీ దత్తాంశ నిధుల కొలమానాలు మరింత బలంగా రావచ్చు. తెలుగు పత్రికలు అందులో చేరడానికి పోటీపడటమూ మొదలుకావచ్చు. చేరడం తప్పు కాదు. కాని ఆల్ట్‌మన్ వ్యాసం సైన్స్‌లో వచ్చికూడా అరలో ఉండిపోయిందన్నది మరవరాదు. చదివేవారు లేనిచోట సూచికలో చోటు దొరికి ప్రయోజనం స్వల్పం.

తెలుగు పరిశోధన వ్యాసాల చివర గ్రంథాల పట్టిక ఉంటుంది. ఆ గ్రంథాలు వ్యాసంలో ఏ పని చేశాయో చాలాచోట్ల తెలియదు. అదే అంశంపై పదేళ్ళ కిందట మరో విశ్వవిద్యాలయంలో వచ్చిన సిద్ధాంతవ్యాసం పేరు అందులో కనిపించదు. అంగీకారమూ లేదు, ఖండనా లేదు. 1970లలో నాడీశాస్త్రం పాటించిన మౌనమే ఇది. పైగా అక్కడ పరికరాల లోపమన్న సాకైనా ఉంది. మనకు అదీ లేదు. సమీక్షకులు వ్యాసాన్ని పంపేటప్పుడు భాషాదోషాలతో పాటు, ఈ అంశంపై తెలుగులో ఇంతకుముందు వచ్చిన కృషిని రచయిత ఎదుర్కొన్నాడా అన్న ఒక్క ప్రశ్న తప్పనిసరిగా వేయాలని నా ప్రతిపాదన. పదోన్నతి సంఘాలు పాయింట్లు కూడేముందు అభ్యర్థి ఎంచి ఇచ్చిన రెండు వ్యాసాలను చదివి, వాటిపై ఒక పుట రాయాలన్నది రెండోది.

మూడోది శ్రమతో కూడినది. శోధగంగలో చేరిన తెలుగు సిద్ధాంతవ్యాసాల్లో అనేకం స్కాన్ చేసిన చిత్రాలు. మాట వెతికితే దొరకదు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, కాకతీయ, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమ తమ సిద్ధాంతవ్యాసాలకు అంశాలవారీగా వివరణాత్మక సూచి తయారుచేసి ఒకచోట చేర్చాలి. ఎవరి కృషిని ఎవరు చదివారో, ఎవరు వదిలేశారో అప్పుడు లెక్కపెట్టవచ్చు.